మంత్రమా, మందుగుండా? ఫాంటసీ సామ్రాజ్యానికి సైన్యం కట్టడం ఎలా

ఫాంటసీ రాసే పిల్లలు తమ కథలు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. చాలా కథల్లో యుద్ధం ఒకేలా ఉంటుంది. ఒకవైపు ఫిరంగులు బారులు తీరి ఉంటాయి, ఇంకోవైపు మాంత్రికుడు చెయ్యెత్తుతాడు, వెయ్యిమంది బూడిదైపోతారు. "మరి అంత శక్తి ఉన్నవాడు ఒక రాజు కింద జీతానికి ఎందుకున్నాడు నాయనా?" అని అడుగుతాను. అక్కడ ఆగిపోతారు. ఆ ప్రశ్నకు జవాబు దొరికేదాకా యుద్ధం రాయొద్దని చెబుతాను.

నేను ఉద్యోగం చేసినంతకాలం సింగరేణి భూగర్భ గనుల్లో షాట్‌ఫైరర్‌ని. బొగ్గులో రంధ్రాలు వేశాక మందు పెట్టి పేల్చేవాడన్నమాట. షిఫ్ట్ దిగి ఇంటికొచ్చాక జానపద కథలు రాసుకునేవాణ్ణి. పేలుడుకు అందరూ చప్పుడే చూస్తారు. నాకు మాత్రం దాని వెనకున్న మందు దాచే మ్యాగజీన్ గది, అందులోని రిజిస్టరు, మందుపెట్టె మోసే మనిషి, తాళంచెవి ఉన్న జేబు కనిపిస్తాయి. మీ కథలో మంత్రానికి కూడా ఇవన్నీ రాయండి. ఎలా రాయాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ముందు చేతులు లెక్కపెట్టండి

తుపాకి వచ్చిన కొత్తలో అది విల్లును మించిన ఆయుధమేమీ కాదు. మందు దట్టించి ఒక్కసారి కాల్చేలోపు మంచి విలుకాడు అయిదారు బాణాలు వేసేసేవాడు. పైగా వానొస్తే తుపాకి మూగబోతుంది. అయినా రాజులు తుపాకివైపే మొగ్గారు. విలుకాడు కావాలంటే చిన్నతనం నుంచీ భుజం తయారవ్వాలి. తుపాకి పట్టడం, కాల్చడం ఒక రైతుబిడ్డకు కొన్ని వారాల్లో నేర్పేయొచ్చు. వాడు పడిపోతే అదే తుపాకి ఇంకొకడి చేతికి వెళుతుంది.

మంత్రం దీనికి పూర్తిగా ఎదురు. అది ఒక మనిషికి పట్టుబడుతుంది, ఆ మనిషితోనే పోతుంది. కాబట్టి కథ మొదలుపెట్టేముందు ఒక కాగితం మీద లెక్క వేసుకోండి. మేఘగిరి అని ఒక సామ్రాజ్యం ఉందనుకుందాం. కాల్బలం 60,000, గుర్రాలు 8,000, మాంత్రికులు 30 మంది. గురుకులం నుంచి ఏడాదికి ఇద్దరు మాంత్రికులు బయటికొస్తారు. ఏడాదికి రెండు యుద్ధాలు, ఒక్కో యుద్ధంలో ముగ్గురు పోతారు. ఏటా నలుగురు తగ్గుతూ పోతే ఎనిమిదో ఏడు గడిచేసరికి ఒక్కడూ మిగలడు. అంతదాకా రానిచ్చే చక్రవర్తి ఉండడు. అంటే వాళ్లను ముందు వరసలో నిలబెట్టడు. మరి ఎక్కడ పెడతాడు, ఏ పనికి దాచుకుంటాడు? ఈ లెక్క వేసుకున్న క్షణం నుంచి కథ దానంతటదే కదులుతుంది.

నన్నడిగితే నిప్పులు కురిపించేవాడి కంటే వాన కురిపించేవాడు చక్రవర్తికి ఎక్కువ పనికొస్తాడు. 1757 జూన్ 23న బెంగాల్‌లోని ప్లాసీ యుద్ధంలో మధ్యాహ్నం పెద్ద వాన పడింది. నవాబు సిరాజుద్దౌలా సైన్యం దగ్గరున్న మందుగుండు తడిసిపోయింది. ఇంగ్లీషువాళ్లు తమ మందును టార్పాలిన్లతో కప్పుకున్నారు. అవతలి ఫిరంగులు కూడా మూగబోయి ఉంటాయనుకుని నవాబు సేనాని మీర్ మదన్ గుర్రపుదండుతో ముందుకు దూకాడు. అవి పేలాయి, అతను చనిపోయాడు. ఆ వానను ఒక మాంత్రికుడు తెప్పించాడని రాసుకోండి. యుద్ధం ఫలితం మాత్రం టార్పాలిన్ ఎవరి దగ్గరుందన్న దాని మీదే తేలుతుంది. మంత్రానికి విరుగుడుగా ఇంకో పెద్ద మంత్రమే రానక్కర్లేదు. నూనె పట్టించిన గుడ్డ చాలు. మీ పాఠకుడికి అలాంటి విరుగుడే ఎక్కువ నచ్చుతుంది, నాకు కూడా.

ఆయుధానికి తిండి పెట్టండి

మందుగుండులో మూడే సరుకులు: సురేకారం, గంధకం, బొగ్గు. రమారమి 75 పాళ్లు సురేకారం, 15 బొగ్గు, 10 గంధకం. బొగ్గు ఎక్కడైనా కాల్చుకోవచ్చు. గంధకం కొనుక్కోవచ్చు. అసలు చిక్కంతా సురేకారంతోనే. పశువుల కొట్టాల దగ్గర, పాత ఊళ్ల దిబ్బల మీద నేల పైకి తెల్లగా ఉప్పు తేలుతుంది. ఆ మట్టి గీకి తెచ్చి, నీళ్లలో నానబెట్టి, వడగట్టి, కాచి, చల్లారబెడితే సురేకారం గడ్డకడుతుంది. శుద్ధి సరిగ్గా చేయకపోతే అందులో మిగిలిన వేరే లవణాలు గాలిలో తేమను పీల్చుకుని మందును పాడుచేస్తాయి. ఒక ఫిరంగి పేలాలంటే ఎన్ని పల్లెల మట్టి గీకాలో ఊహించుకోండి. మీ సామ్రాజ్యంలో ఆ మట్టి గీకే కుటుంబాలు ఏ ఊళ్లో ఉన్నాయి? పన్ను కింద ఎంత సురేకారం ఇవ్వాలి? వాళ్ల మీద దాడి చేస్తే చక్రవర్తి ఫిరంగులు మూగబోవా? శత్రువుకు ఈ తెలివి ఉందంటే ఒక మంచి అధ్యాయం దొరికినట్టే.

మోత కూడా ఉంది. 1453లో కాన్‌స్టాంటినోపుల్ గోడల మీదికి వెళ్లిన పెద్ద ఫిరంగిని లాగడానికి 60 ఎద్దులు కట్టారు. వేడి తగ్గాలి కనుక రోజుకు ఏడుసార్లకు మించి పేల్చలేకపోయారు. దాన్ని పోతపోసిన ఓర్బన్ అంతకుముందు అదే నగరపు చక్రవర్తి దగ్గరికి వెళ్లి కొలువు అడిగాడు. ఆయన దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదు. దాంతో ఓర్బన్ ఆ నగరాన్ని ముట్టడించబోయే ఒట్టోమన్ సుల్తాన్ మెహ్మద్ దగ్గరికి పోయాడు. ఈ ఒక్క సంగతి మీ నోట్‌బుక్కులో రాసి పెట్టుకోండి. యంత్రం తెలిసినవాడు జీతం ఇచ్చినవాడి దగ్గరికి పోతాడు. మాంత్రికుడు కూడా పోతాడా? గురువుకు ఇచ్చిన మాట అతన్ని ఆపుతుందా? ఆపేదేమీ లేకపోతే మీ మాంత్రికుడు ఇంకో ఓర్బనే.

దక్కనులో సైన్యాలకు ధాన్యం మోసింది లంబాడీల ఎద్దుల బిడార్లు. ఆ బిడారు రాకపోతే ఎంత పెద్ద చక్రవర్తి దండయినా ఆకలితో మాడాల్సిందే. మీ కథలో మాంత్రికుడికి కూడా ఏదో ఒకటి కావాలి. నిద్రో, ఉపవాసమో, ఒక ఏటి నీళ్లో, ఒక చెట్టు వేరో ఏదైనా సరే. అది ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరు మోస్తారు, ఎన్ని రోజులు నిలవ ఉంటుంది అన్నది సురేకారం గురించి రాసినంత ఓపికగా రాయండి. "మంత్రశక్తి తగ్గిపోయింది" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే సరిపోదు.

గోల్కొండను ఎదురుగా పెట్టుకుని సాధన చేయండి

చిన్నవాళ్లకు నేను ఇచ్చే అభ్యాసం ఇది. 1687 గోల్కొండ ముట్టడి గురించి దొరికినంత చదవండి. ఔరంగజేబు స్వయంగా వచ్చి దాదాపు ఎనిమిది నెలలు కూర్చున్నాడు. ఆ రోజుల్లో దేశంలోకెల్లా పెద్ద సైన్యం, పెద్ద ఫిరంగులు ఆయనవే. వానలకు మంజీర పొంగి దారులు తెగాయి. శిబిరంలో కరువు, రోగాలు. మనిషికి చేతనైన ప్రతి యుక్తీ అక్కడ ప్రయోగించారు.

కందకం పూడ్చడానికి మట్టి నింపిన గుడ్డసంచులు కావాల్సి వచ్చాయి. మొదటి సంచిని ఔరంగజేబే శుచిగా కాళ్లూచేతులూ కడుక్కుని తన చేత్తో కుట్టాడని రాశారు. ఈ సంగతి నాకు చాలా ఇష్టం. సంచి కుట్టడం ఇంజనీరింగు, శుచి అయి కుట్టడం నమ్మకం. ఒకే సూదిలో రెండూ ఉన్నాయి. నిజమైన సైన్యంలో మంత్రం వేరే గుడారంలో, యంత్రం వేరే గుడారంలో ఉండవు. గుండుకు పసుపు రాసి పేల్చేవాడికి రెండూ ఒకటే పని.

ఇక సొరంగాల సంగతి. ఇది నా వృత్తి కాబట్టి కాస్త ఆగి చెబుతాను. మొగలులు గోడల కిందికి సొరంగాలు తవ్వి మందు కూరారు. లోపలివాళ్లు ఆ సొరంగాలు కనిపెట్టారు. అటువైపు నుంచి తవ్వి మందు కొంత తీసేసి, నీళ్లు పోశారు. వత్తి అంటించగానే పేలుడు కోటవైపు పోలేదు. వెనక్కి తిరిగి దాడికి సిద్ధంగా నిలబడ్డ మొగల్ సైనికుల మీదే పడింది. ఇందులో మాయేమీ లేదు. మేం బొగ్గులో రంధ్రం వేసి మందు పెట్టాక మూతిని మెత్తటి మట్టితో గట్టిగా దట్టిస్తాం. ఆ మట్టి సరిగ్గా దట్టించకపోతే దెబ్బ బొగ్గుకు తగలదు, మూతిలోంచి మన మొహం మీదికి వస్తుంది. పేలుడు ఎప్పుడూ తేలికైన దారే వెతుక్కుంటుంది. గోల్కొండవాళ్లు అటువైపు దారి మూసి, ఇటువైపు వదిలారు. అంతే.

ఇప్పుడు అభ్యాసం. ఆ కోటలో ఒకే ఒక్క మాంత్రికుణ్ణి పెట్టండి. మట్టి మాట వినగలవాడు అనుకుందాం. నేలకు చెవి ఆనిస్తే ఎక్కడ గునపం పడుతోందో అతనికి తెలుస్తుంది. ఏం మారుతుందో రాసుకుంటూ పొండి. సొరంగాలు ఇంకా తొందరగా బయటపడతాయి. మంచిదే. అప్పుడు ఔరంగజేబు ఏం చేస్తాడు? ఆయన తెలివైనవాడు కనుక ఉత్తుత్తి సొరంగాలు పది తవ్విస్తాడు. మాంత్రికుడికి రాత్రీ పగలూ నిద్ర ఉండదు. పదో రోజుకు అతనికి గునపం చప్పుడుకీ తన గుండె చప్పుడుకీ తేడా తెలియదు. కోటలో జనం అతను చెప్పిన చోటల్లా తవ్వి తవ్వి అలిసిపోతారు. అప్పుడు పదకొండో సొరంగం నిజమైనది మొదలవుతుంది. చూశారా? మాంత్రికుడు రావడంతో ముట్టడి ఆగలేదు. ఇంకా కఠినమైంది. శక్తికి ఎదురుగా తెలివైన మనిషిని నిలబెడితే అలాగే జరుగుతుంది.

చివరికి ఆ కోట ఫిరంగులకూ సొరంగాలకూ లొంగలేదు. సెప్టెంబరులో ఒక రాత్రి అబ్దుల్లా పనీ అనే సర్దారు లంచం తీసుకుని తలుపు తీశాడు. మీ అభ్యాసంలో ఆ తలుపు దగ్గర మీ మాంత్రికుడు ఏం చేస్తున్నాడో కూడా రాయండి. నేలకు చెవి ఆనించుకుని ఉన్నవాడికి తలుపు గడియ తీసిన చప్పుడు వినపడుతుందా?

ఆపడం ఎలాగో కూడా రాయండి

మన భారతంలో అస్త్రాలకు ఇంత బలం ఎక్కడి నుంచి వచ్చిందని ఆలోచించండి. కర్ణుడి దగ్గర ఇంద్రుడిచ్చిన శక్తి అనే ఆయుధం ఉంది, ఒక్కసారే పనిచేస్తుంది. దాన్ని అర్జునుడి కోసం దాచుకున్నాడు. పద్నాలుగో రోజు రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడి మీద వాడేయక తప్పలేదు. నారాయణాస్త్రం వచ్చినప్పుడు కృష్ణుడు అందరినీ ఆయుధాలు కింద పడేసి రథాలు దిగమన్నాడు. ఎదురు తిరిగేకొద్దీ అది పెరుగుతుంది. అంత సైన్యం ఒక్క మాట మీద ఆయుధం వదలడమే దానికి డాలు. అశ్వత్థామకు బ్రహ్మాస్త్రం వదలడం తెలుసు, వెనక్కి తీసుకోవడం తెలియదు. ప్రయోగంతో పాటు ఉపసంహారం కూడా నేర్చినవాడే పూర్తి విద్య వచ్చినవాడని మనవాళ్లు పెట్టుకున్నారు.

దీన్ని నేరుగా మీ సైన్యంలోకి తెచ్చుకోండి. ప్రతి మంత్రానికీ అది ఎన్నిసార్లు పనిచేస్తుందో, ఎవరు ఆపగలరో, ఎదుటివాడు మంత్రం రాకుండానే ఏం చేసి బతకొచ్చో ముందే నిర్ణయించుకోండి. ఆ మూడోది ముఖ్యం. మామూలు సైనికుడికి చేతిలో ఏ ఉపాయమూ లేకపోతే పాఠకుడికి అతని మీద జాలి తప్ప ఆసక్తి ఉండదు.

తాళంచెవి ఎవరిది?

గనిలో పేల్చే పెట్టెకు ఒక తాళంచెవి ఉంటుంది, అది లేకుండా కరెంటు పోదు. దాన్ని షాట్‌ఫైరర్ తన దగ్గరే పెట్టుకోవాలి. పెద్ద అధికారి పక్కనే నిలబడి అడిగినా ఇవ్వకూడదు. పేలుడు ఎంత పెద్దదైనా దాని మీద అధికారం ఆ చిన్న ఇనపముక్కది. మీ సామ్రాజ్యంలో అలాంటిది ఏది? దాన్ని వెతకండి.

విజయనగర రాయలు నాయకులకు భూములిచ్చి, బదులుగా ఇంత కాల్బలం, ఇన్ని గుర్రాలు, ఇన్ని ఏనుగులు పెట్టాలని లెక్క కట్టేవారు. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిపోయాక పైన పట్టు సడలేసరికి మధుర, తంజావూరు, జింజి నాయకులు ఎవరికివారే రాజులయ్యారు. సైన్యం వాళ్ల దగ్గరే ఉంది మరి. మీ చక్రవర్తి మాంత్రికులను సామంతుల దగ్గర పెడితే ఇదే జరుగుతుంది. అందరినీ రాజధానిలో పెట్టుకుంటే సరిహద్దు బోసిపోతుంది. ఫిరంగుల పోతకొలిమిని రాజధానిలో ఉంచి, మాంత్రికులను సరిహద్దుకు పంపే చక్రవర్తి ఒకడు. తిరగేసి చేసేవాడు ఇంకొకడు. మొదటివాడు మనుషులను నమ్ముతాడు, రెండోవాడు నమ్మడు. పాత్ర స్వభావం చెప్పడానికి వేరే పేజీలు ఖర్చుపెట్టక్కర్లేదు.

శత్రువు చేతికి చిక్కితే ఏమవుతుందన్నది ఇంకో ప్రశ్న. మైసూరువాళ్ల రాకెట్లకు ఇనప గొట్టం ఉండేది, అందువల్ల లోపల ఒత్తిడి ఎక్కువ తట్టుకుని దూరం వెళ్లేవి. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక అవి ఇంగ్లండు చేరాయి. విలియం కాంగ్రీవ్ వాటిని చూసి తన రాకెట్లు తయారుచేశాడు. వస్తువు చేతికొస్తే విద్య కూడా చేతికొస్తుంది. మాంత్రికుణ్ణి పట్టుకుంటే మాత్రం ఒక బందీ దొరుకుతాడు, అంతే.

అయితే అన్ని సాంకేతిక విద్యలూ ఇలా దొరికిపోవు. మా నిజామాబాదు వైపు కోనసముద్రంలో ఉక్కు చేసేవారు. మూసలో, అంటే చిన్న మట్టిపాత్రలో ఇనుము పెట్టి, మట్టితో మూసి, కొలిమిలో కాల్చి తీసిన, కత్తులు చేసే ముద్దల కోసం ఇరాన్ వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారు. ఆ కత్తుల ఉక్కును చేతిలో పెట్టుకుని చూసినా చేసే పద్ధతి యూరప్‌వాళ్లకు చాలాకాలం అంతుపట్టలేదు. విద్య కొలిమి దగ్గర మనుషుల చేతుల్లో ఉంది, కొనేవాళ్లు పోయాక అది కూడా పోయింది. మంత్రానికీ యంత్రానికీ మధ్య గీత గీయాలనుకునేవాళ్లు ఆ కొలిమి దగ్గర కాసేపు నిలబడాలి. గీత ఉండాల్సిన చోట ఒక కమ్మరి కుటుంబం కూర్చుని ఉంటుంది. మీ నవలలో నాకు చూడాలనిపించే మనుషులు వాళ్లు.

యుద్ధాన్ని దగ్గరి నుంచి రాయండి

"మాంత్రికుడు మంత్రం చదివాడు. కుండపోత వాన కురిసింది. ఫిరంగులు మూగబోయాయి." ఇలా ఒక అబ్బాయి రాసుకొచ్చాడు. తప్పేమీ లేదు, కానీ ఎవరూ కనిపించడం లేదు. ఇద్దరం కూర్చుని తిరగరాశాం. గోలందాజు అంటే ఫిరంగి పేల్చేవాడు, రంజకం అంటే నిప్పంటించడానికి ఫిరంగి రంధ్రంలో పోసే మందుపొడి:

"గోలందాజు ఎల్లయ్య తడిగుడ్డ చుట్టిన కర్రను గొట్టంలోకి దూర్చి తిప్పాడు. లోపలెక్కడో మిగిలిన నిప్పురవ్వ సుయ్యిమని ఆరింది. పొడుగు గరిటెతో మందు, దాని మీద గడ్డిచుట్ట, దాని మీద గుండు. కుర్రవాడు కర్రతో రెండు పోట్లు దట్టించాడు. ఎల్లయ్య రంధ్రంలో రంజకం పోసి వత్తి కోసం చెయ్యి చాచాడు. అప్పుడే గాలి మారింది. మెడ మీద చల్లగా తగిలింది. 'వాడు మొదలెట్టాడు మామా' అన్నాడు కుర్రవాడు. ఎల్లయ్య తలెత్తి చూడలేదు. అరచెయ్యి బోర్లించి రంజకం మీద కప్పాడు. 'తోలు తే' అన్నాడు. మొదటి చినుకు అతని వేళ్ల మీద పడింది."

మంత్రం అదే, వాన అదే. ఇప్పుడు దాని బరువు ఒక మనిషి అరచేతి మీద పడింది. ఆ అరచెయ్యి పక్కకు జరిగితే యుద్ధం పోతుంది. మాంత్రికుడి వైపు నుంచి కూడా ఇంతే దగ్గరగా రాయాలి. అతని కాళ్ల కింద నేల ఎలా ఉంది, ఎన్ని గంటలుగా నోరు ఎండిపోయి ఉంది, పక్కన నీళ్లు పట్టుకున్న శిష్యుడు ఎవరు అన్నవి చూపించండి. పనిముట్ల పేర్లు తెలియకపోతే తెలుసుకుని రాయండి, లేదా ఆ పని ఎలా చేస్తారో మామూలు మాటల్లో చెప్పండి. పాత యుద్ధాలు చదివితే మాటలు దొరుకుతాయి.

యుద్ధం మర్నాడు

దాదాపు ఎవరూ రాయని అధ్యాయం ఇది. గనిలో కొన్నిసార్లు మందు పేలకుండా రంధ్రంలోనే ఉండిపోతుంది. మిస్‌ఫైర్ అంటాం. వెంటనే దగ్గరికి పోకూడదు. పెట్టిన మందును గీకి బయటికి తీయకూడదు. ఆ చోట మనిషిని కాపలా పెట్టి, అడుగు దూరంలో దానికి సమాంతరంగా కొత్త రంధ్రం వేసి పేల్చి, తర్వాత రాలిన బొగ్గులో డిటొనేటర్ కోసం, అంటే మందును పేల్చే చిన్న గొట్టం కోసం వెతుకుతాం. తర్వాతి షిఫ్ట్‌వాడికి ఆ సంగతి రిజిస్టర్లో రాసి మరీ అప్పగిస్తాం.

మీ రణరంగంలో సగం చదివి ఆగిపోయిన మంత్రాలు ఎన్ని ఉన్నాయి? చదువుతూ చచ్చిపోయినవాడి మంత్రం ఎక్కడికి పోతుంది? ఆ పొలంలో వచ్చే ఏడు నాగలి పెట్టే రైతుకు ఎవరు చెబుతారు? మేఘగిరిలో ఈ పని గురుకులంలో ఆఖరి ఏడాది శిష్యులదని పెట్టుకోండి. యుద్ధం చూడనివ్వని పిల్లలను యుద్ధం మర్నాడు పొలంలోకి పంపుతారు. వాళ్లతో పాటు పేలని గుండ్లు ఏరే గోలందాజులు కూడా ఉంటారు. మంత్రం తెలిసినవాళ్లూ మందు తెలిసినవాళ్లూ మొదటిసారి మాట్లాడుకునేది అక్కడే. ఎల్లయ్యను, ఆ కుర్రవాణ్ణి అక్కడికి తీసుకెళ్లండి. ఒక శిష్యురాలు తవ్విన గుంట పక్కన ఎల్లయ్య కూర్చుని, ఎంత దూరంలో కొత్త గుంట తవ్వాలో ఆమెకు చూపించనివ్వండి. ఆమె అడిగే మొదటి ప్రశ్న ఏమిటో మీరే రాయండి, తర్వాత నాకు చదివి వినిపించండి.